మాట ఆగితే క్రేన్ ఆగుతుంది

పోయిన వారం మంచి పట్టులో వదిలేశానని నన్ను తిట్టుకున్నవాళ్ళున్నారు, తెలుసు. తిట్టుకోండి, నాకు అలవాటే. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నేను ఆన్‌లైన్ కౌన్సెలర్ని. మా ఇంట్లో ఫ్రిజ్‌కీ ఇస్త్రీ బల్లకీ మధ్య సందులో కుర్చీ వేసుకుని, వెనక ఓ కర్టెన్ కట్టుకుని, లాప్‌టాప్‌లో జనం కష్టాలు వింటాను. ప్రస్తుతం నా నెత్తిన ఉన్నది ఒక మొగుడూ పెళ్ళాం. అతను పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దస్తమానం ఆకాశంలోనే ఉంటాడు కాబట్టి సైటులో అందరూ అతన్ని 'పైవాడు' అంటారు. నా తెరమీదకీ అదే పేరుతో వస్తాడు. ఓసారి మా సూపర్‌వైజరుతో "ఇవాళ పైవాడు కరుణించలేదండీ" అన్నాను, ఆవిడ నాకేదో వైరాగ్యం పట్టిందనుకుని రెండు రోజులు సెలవిచ్చింది.

ఆమె ఫిజియోథెరపిస్టు. మెడలూ నడుములూ మోకాళ్ళూ పట్టేసినవాళ్ళని దారిలో పెడుతుంది. ఆమె తల్లి వీళ్ళ దగ్గరే ఉండేది. ఆవిడ పోయింది. ఆవిడతోబాటు ఆ ఇంట్లో మాటలూ పోయాయి. కొన్ని నెలలు ఒకే కప్పుకింద మూగనోము పట్టి, చివరికి ఆమె బట్టలు సర్దుకుని అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు దూరాన వేరే ఊళ్ళో ఒక క్లినిక్కువాళ్ళు ఉద్యోగానికి పిలుస్తున్నారు. ఇవాళ సాయంత్రంలోగా వాళ్ళు ఫోను చేస్తారు, వస్తుందో రాదో చెప్పాలి. "ఇదే ఆఖరి సెషన్ మేడమ్. అతను నోరు తెరిస్తే సరే, లేకపోతే వెళ్ళిపోతాను" అంది. అక్కడ ఆపాను మిమ్మల్ని.

సరే. తెరమీద మూడు గళ్ళు. ఒకదాంట్లో నేను, కెమెరాకి కనిపించే మేరకు మాత్రం తల దువ్వుకుని. ఒకదాంట్లో ఆమె, క్లినిక్కులో పేషెంట్లు వెళ్ళిపోయాక తలుపు వేసుకుని. ఆమె వెనక గోడకి రంగురంగుల రబ్బరు పట్టీలు, మూలన స్టాండుకి వేలాడుతూ ప్లాస్టిక్ వెన్నెముక. బల్లమీద ఆమె ఫోను, సాయంత్రంలోగా మోగాల్సిన ఫోను. మూడో గడిలో అతను. చుట్టూ అద్దాలే. కాళ్ళకింద కూడా అద్దమే. గాలి పెరిగిందని పని ఆపేశారట, అందుకే ఇవాళ ఇంత పెందలాడే దొరికాడు. గాలి ఎక్కువైనప్పుడు క్రేన్ చేతిని బిగించి ఉంచరట, వదిలేస్తారట. ఎటు తోస్తే అటు తిరుగుతుంది. దానితోపాటు అతని కేబినూ తిరుగుతోంది. అతను కదలకుండా కూర్చుంటే ఎండ మాత్రం అతని మొహంమీద ఓ చెంపనుంచి ఇంకో చెంపకి నడుస్తోంది.

ఆ మొహంలో కదిలేది ఆ ఎండ ఒక్కటే. బెల్లం కొట్టిన రాయి అంటారే, అది. ఎలా ఉన్నారంటే బాగున్నాను. ఏమన్నా చెప్పాలనుందా అంటే చెప్పమంటే చెప్తాను. ఏం చెప్తారంటే ఏమడిగితే అది. ఆమె చేతులు కట్టుకుని, తలుపుకి గడియ పెట్టినట్టు పెదాలు బిగించుకుని కూర్చుంది. మా చదువులో ఒక సూత్రం ఉంది: ఎదుటివాళ్ళు మౌనంగా ఉంటే తొందరపెట్టకు, ఆ మౌనాన్ని గౌరవించు అని. ఇన్ని వారాలుగా గౌరవిస్తూనే ఉన్నాను. నా దగ్గరున్న గౌరవమంతా అయిపోయింది.

అప్పుడు అతని గడిలోంచి ఎవరిదో గొంతు వినబడటం మొదలైంది. దించు, దించు, దించు, దించు. ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా, ఒకటే పాట. నాకు అసలే చిర్రెత్తి ఉంది. ఆ రామచిలకెవరు బాబూ, కాస్త నోరు మూయించండి అన్నాను. కౌన్సెలర్ అనకూడని మాటే, అనేశాను.

అది వాకీటాకీ అట. పక్క క్రేన్‌వాడికి కింద నేలమీద నిలబడి దారి చెప్పేవాడి గొంతు. గాలి మరీ ముదరకముందే వాళ్ళు ఆఖరి బరువు దించుకుంటున్నారట. కట్టెయ్యనా అని చెయ్యి చాచినవాడు, ఎందుకో ఆగి, తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్ని వారాల్లో అతను అడక్కుండా మాట్లాడటం అదే మొదలు. అలా మాట్లాడుతూ ఉండటమే ఆ కిందవాడి పని అన్నాడు. బరువు భవనం వెనక్కి దిగుతున్నప్పుడు పైనున్నవాడికి ఏమీ కనపడదట. కిందవాడి గొంతే వాడికి కళ్ళు. దించు అంటూ ఉన్నంతసేపూ దించుతాడు. ఆ మాట ఆగిందా, చెయ్యి ఆగిపోవాలి. దగ్గొచ్చి ఆగినా సరే, బ్యాటరీ అయిపోయి ఆగినా సరే.

"ఎందుకాగావని అడక్కూడదండి. ఇంకో కాస్త దించితే ఏమవుతుందిలే అని సొంతంగా ఊహించకూడదు. కింద మనిషి ఉండొచ్చు. మాట లేదంటే ఆపెయ్యాలి, అంతే. మాకు మొదటి రోజు నేర్పేది అదే."

ఇంత పొడుగు మాట అతని నోట్లోంచి రావడం చూసి నేను నోట్సు రాసుకోవడం మర్చిపోయాను. కానీ చూడాల్సింది అతన్ని కాదు. ఆమె చేతులు విడిపోయాయి. లాప్‌టాప్‌కి దగ్గరగా జరిగింది. ఎంత దగ్గరగా అంటే ఆమె గడి నిండా కళ్ళే కనిపించాయి.

"మాట ఆగితే ఎంతసేపు ఆగుతారు?" అని అడిగింది. నన్ను కాదు, అతన్ని. నేరుగా.

"మళ్ళీ మాట వచ్చేదాకా."

"రాకపోతే?"

"వచ్చేదాకా," అన్నాడు మళ్ళీ.

వాకీటాకీలో ఆ దించు దించు సాగుతూనే ఉంది. ఆమె గొంతు సవరించుకుంది. అమ్మ పోయాక నేను మాట్లాడటం మానేశాను కదా, అంది. అవునన్నాడు. అప్పుడు నువ్వేం చేశావు, అంది.

"ఆగాను."

నేను మైకు ఆపేసుకున్నాను. మౌనాన్ని గౌరవించమన్న సూత్రం గుర్తొచ్చి కాదు. నా నోట్లోంచి అయ్యో అనే మాట తన్నుకొస్తోంది, అది వాళ్ళకి వినపడకూడదని.

ఇక్కడ మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆమె కరిగిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకుందని. లేదు. ఆమెకి ఒళ్ళు మండింది. మండదా మరి. ఇల్లేమన్నా కట్టుబడి సైటా, నేనేమన్నా ఇనప దూలాన్నా అని మొదలుపెట్టి, ఇన్ని నెలలుగా దాచుకున్నదంతా కుమ్మరించింది. నేను అమ్మ మంచంమీద ముడుచుకుని పడుకుంటే నువ్వు గుమ్మంలో నిలబడేవాడివి. తలుపు పట్టుకుని. లోపలికి రావు, వెనక్కి పోవు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి గడప ఇవతల పెట్టి పోయేవాడివి, పిల్లికి పాలు పెట్టినట్టు. ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే నీ సొమ్మేం పోయేది? నన్ను చూస్తే అసహ్యమనుకున్నాను. అమ్మ పోయింది, ఇంక ఈమెతో నాకేం పని అనుకుంటున్నావనుకున్నాను.

అతను అంతా విన్నాడు. ఎండ అతని మొహం దాటి వెనక అద్దంమీదకి పోయింది. మొహం నీడలో పడింది.

"కింద నువ్వున్నావు. నాకు కనపడట్లేదు. దించితే నీకెక్కడ తగులుతుందోనని..."

మెడ వెనక చెయ్యి పెట్టుకుని నొక్కుకున్నాడు. అది చూసి ఆమె ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడొకటి చేసింది. ఆ మెడ కథ మీకు చెప్పాలి. అసలు వీళ్ళ పెళ్ళి ఆ మెడవల్లే జరిగింది. రోజంతా కాళ్ళకిందకి చూసి చూసి మెడ పట్టేసి అతను ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమె పద్ధతేమిటంటే, నొప్పి పుడితే చెప్పండి అని ఒకసారి చెప్పి మొదలుపెడుతుంది. పేషెంటు కిక్కురుమనకపోతే చెయ్యి సరైన చోటే పడుతోందని లెక్క, ఇంకాస్త నొక్కుతుంది. మహానుభావుడు పళ్ళు బిగించి పడుకున్నాడు. ఆమె నొక్కుకుంటూ పోయింది. మర్నాడు ఆ మెడ ఏ వైపుకీ తిరగలేదు. అయినా మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళాడు. ఈ సంగతి విని వాళ్ళమ్మ పొట్ట పట్టుకుని నవ్విందట. అడగందే అమ్మైనా పెట్టదే, వీడెవడే అరవకుండానే నొప్పి తగ్గుతుందనుకున్నాడు, నోట్లో నాలుక లేని ఇలాంటివాణ్ణి వదిలిపెట్టకు అందట.

ఆ సంగతే ఆమె ఇప్పుడు ఎత్తింది. "నా దగ్గర ఎవరన్నా చప్పుడు చెయ్యకుండా పడుకున్నారంటే, కానివ్వు అని. రా అని. నీకు తెలీదా? నీ మెడమీదే నేర్పాను కదా."

అతను లేదన్నట్టు తలూపాడు. తెలీదు, నిజంగానే తెలీదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మిగతా సగం సంగతి వాళ్ళూ చెప్పలేదు. ఆమె రమ్మని మూగగా పడుకుంటే, వద్దంటోందని అతను గుమ్మంలో ఆగాడు. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు నిక్కచ్చిగా చేశారు. వీళ్ళిద్దరి మౌనాన్నీ గౌరవిస్తూ కూర్చున్న నేను నా పనీ నిక్కచ్చిగా చేశాను. ముగ్గురం కలిసి ఒక కాపురాన్ని ఊరు దాటించబోయాం.

మైకు మళ్ళీ తెరిచి ఒక్కటే అడిగాను. మీరు ఆగడం సరే, అసలు ఆమె మాట ఎందుకు ఆగిందనుకున్నారు?

అతను వాకీటాకీ వైపు చూస్తూ చెప్పాడు, ఆమె వైపు చూడకుండా. అత్తయ్య పోయిన రోజు సంగతి. ఫోను వచ్చినప్పుడు కొక్కేనికి బరువు వేలాడుతోందట. దాన్ని వదిలేసి దిగడానికి లేదు. దించి, అప్పజెప్పి, అంత ఎత్తునుంచి నిచ్చెన దిగి, ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. ఆమె ఒక్కతే ఉంది అప్పుడు. "నేను రాలేదని నువ్వు మానేశావనుకున్నాను. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆగాను."

ఆమె మొహం చూసి నాకు భయమేసింది. ఇన్ని నెలలు ఈ మనిషి మోసిన బరువు ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది.

"దానికి కాదు," అంది. "గలీబుకి."

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె చేత్తో ముక్కు తుడుచుకుని, చిన్నపిల్లలా వెక్కుతూ చెప్పింది. అమ్మ పోయిన వారానికి తను డ్యూటీకి వెళ్ళిన పూట, ఇల్లు చక్కబెడదామని అతను ఆ మంచం దుప్పటీ, దిండు గలీబూ తీసి ఉతికాడట. ఆరేసి, ఇస్త్రీ కూడా చేసి, మళ్ళీ తొడిగి పెట్టాడట. ఆమె ఇంటికొచ్చి రోజూలాగే ఆ దిండుకి మొహం ఆనించింది. సబ్బు వాసన. అమ్మ తలనూనె వాసన ఇంక ప్రపంచంలో ఎక్కడా లేదు. నువ్వు మంచికే చేశావని తెలుసు, అందుకే తిట్టలేకపోయాను, తిట్టలేక ఇంకేమీ మాట్లాడలేకపోయాను, అంది.

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ భుజాలు కదలడం నేను చూశాను. ఇంతసేపూ రాయి అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అతను వేళ్ళ సందుల్లోంచి ఒకటే మాట అన్నాడు, గలీబా అని. ఆమె అవునంది. మళ్ళీ గలీబా అన్నాడు. ఈసారి ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, కానీ నేను మైకు ఆపుకుని ఇస్త్రీ బల్ల వైపు తిరిగి నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు, వాకీటాకీ గరగరమంది. పక్క క్రేన్ బరువు నేలకి చేరింది. గాలి ఇంకా పెరిగేలా ఉంది, రెండు క్రేన్లూ ఖాళీ చేసి దిగిపొమ్మని సైటు ఇంజనీరు గొంతు. అతను లేచాడు. దిగి, బట్టలు మార్చుకుని, బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రం దాటిపోతుందని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఏదో అడగబోయి మానేశాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది. నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను.

ఆమె మానెయ్యలేదు. "ఫోను కట్ చెయ్యకు. జేబులో పెట్టి గుండీ పెట్టుకో. నువ్వు దిగేదాకా నేను మాట్లాడుతుంటాను."

"ఏం మాట్లాడతావు?"

"ఏదో ఒకటి. మాట ఉంటే చాలన్నావుగా."

అతను నవ్వాడు. ఇన్ని వారాల్లో ఆ పళ్ళు నేను చూడలేదు, కింది వరసలో ఒకటి వంకర. తర్వాత అతని గడి చీకటైపోయింది. గాలి హోరు, తలుపు చప్పుడు, ఆ వెంటనే ఇనప నిచ్చెనమీద బూట్ల చప్పుడు. టంగ్. టంగ్. ఒక్కో మెట్టూ ఆచితూచి.

ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట ఇంట్లో వంటగది కుళాయి కారుతోందా ఇంకా, బాగు చేయించావా లేదా అని అడిగి, జవాబు కోసం ఆగబోయి, గుర్తొచ్చి గబగబా అందుకుంది. అక్క ఇంట్లో మంచం కిర్రుమంటుందంది. బావగారు పొద్దున్నే గొంతు గరగరలాడించే చప్పుడుకి తనకి పిచ్చెక్కుతోందంది. అమ్మ చెప్పులు ఇంకా మనింటి అరలోనే ఉన్నాయా, వాటిని మాత్రం కడగొద్దు మహాప్రభో అంది. జేబులోంచి ముక్కుతో నవ్విన చప్పుడు. బూట్లు ఆగలేదు. ఆమెకి ఊపు వచ్చింది. ఎప్పటెప్పటివో అన్నీ చెప్పుకుంటూ పోయింది, ఆనకట్ట తెగినట్టు. కోపాలు, చిన్నచిన్న బెంగలు, మొన్న బజార్లో వెనకనుంచి అమ్మలాంటి ఆవిడ కనబడితే రెండు వీధులు వెంట నడిచిన సంగతి. నా సెషన్ టైము ఎప్పుడో అయిపోయింది. తెరమీద ఎర్ర అక్షరాలు వెలుగుతున్నాయి. వెలగనీ.

మా ఇంటాయన టీ కప్పుతో తలుపు దగ్గరికొచ్చి, నా మొహం చూసి, ఉన్నచోటే నిలబడిపోయాడు.

అప్పుడు ఆమె బల్లమీద ఫోను మోగింది. ఆ దూరపు ఊరి క్లినిక్కే. ఆమె దాని వంక చూసింది. మాట మాత్రం ఆపలేదు. ఎత్తలేదు, అలాగని కట్ చెయ్యనూ లేదు. దాన్ని బోర్లా తిప్పి, పక్కనున్న తువ్వాలు తీసి దానిమీద కప్పి, చెప్తున్న వాక్యం పూర్తి చేసింది. బూట్లు దిగుతూనే ఉన్నాయి. గట్టున పడ్డట్టేనని టీకి చెయ్యి కూడా చాచాను.

"ఇంకోటుంది," అంది ఆమె. గొంతు మారింది. "అమ్మ పోయే ముందు నిన్నే అడిగింది. బరువు దించుతున్నాడమ్మా, వస్తాడు అని చెప్పాను. అప్పుడు నీకో మాట చెప్పమంది. నేను చెప్పలేదు. కోపంతో మొదట దాచాను, తర్వాత సిగ్గుతో దాచాను. నీకని ఇచ్చిపోయిన మాట ఇన్నాళ్ళూ నా దగ్గరే పెట్టుకున్నాను. అమ్మ ఏమందంటే..."

అక్కడ ఆమె గొంతు ఆగిపోయింది.

బూట్లు ఆగిపోయాయి.

నేను టీ కప్పు అందుకోలేదు, ఆయన దించలేదు. లాప్‌టాప్‌లో గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది. ఎక్కడో నేలకీ ఆకాశానికీ మధ్య, ఇనప నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని, ఆ మనిషి ఆగి ఉన్నాడు. ఈసారి ఎందుకు ఆగాడో ఆమెకి తెలుసు. ఎంతసేపైనా ఆగుతాడనీ తెలుసు.

ఆమె లాప్‌టాప్‌ని రెండు చేతులతో దగ్గరికి తీసుకుని, నోరు తెరిచింది.